పాత నోవాకు ఫ్లాట్ బ్లాక్ కొట్టొచ్చా?

అన్నా, మాది చిత్తూరు. హూస్టన్‌లో ఉద్యోగం. 1970 షెవర్లే నోవా కారు ఒకటి చవగ్గా దొరికితే కొన్నాను. స్ప్రే డబ్బాలు తెచ్చి మేమే ఫ్లాట్ బ్లాక్, అంటే మెరుపు లేని నలుపు, కొట్టేస్తే రెండు రోజుల్లో అయిపోతుందని రూమ్మేట్స్ అంటున్నారు. చేయమంటారా?

తమ్ముడూ, మాది తిరుపతే. డబ్బాలతో మాత్రం వద్దు. ఆ రంగంటే నాకూ ఇష్టం. అప్పట్లో కంపెనీలే వేసి అమ్మేవి: 1969 మస్టాంగ్ మాక్ 1 బానెట్ మీద, అదే ఏడాది డాడ్జ్ సూపర్ బీ సిక్స్ ప్యాక్ ఫైబర్ బానెట్ మీద ఉన్నది ఈ నలుపే. ఎండ బానెట్ మీద పడి కళ్లలోకి కొట్టదు. కానీ బండి మొత్తం ఆ రంగంటే పని చాలా పెరుగుతుంది.

చాలామంది నల్ల ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) కొట్టి, అదే ఫ్లాట్ బ్లాక్ అని తిప్పుతుంటారు. మామూలు ప్రైమర్ నీళ్లు పీలుస్తుంది. హూస్టన్ తేమకు కింద రేకు తుప్పు పట్టిపోతుంది, పైకి ఏమీ తెలియదు. రేకు బయటపడ్డ చోటల్లా ముందు ఎపాక్సీ ప్రైమర్ పడాలి. ఇక డబ్బా రంగు మీద పెట్రోల్ చుక్క కారితే అక్కడ కరిగి మరక పడుతుంది.

మెరుపు తగ్గించడానికి ఈ రంగులో సిలికా లాంటి పొడి కలుపుతారు. అది అడుక్కి దిగిపోతుంది. బాగా కలపకుండా కొడితే ఒక తలుపు మాట్‌గా, ఇంకో తలుపు కాస్త నిగనిగలాడుతూ వస్తాయి. ఒక కోటు పూర్తిగా మాట్ అయ్యాకే రెండోది కొట్టాలి. మన టింకరింగ్ షెడ్లలో దుమ్ము పడితే నీళ్ల పేపర్‌తో రుద్ది పాలిష్ పెట్టేస్తారు కదా, ఇక్కడ ఆ దారి లేదు. రుద్దిన చోటల్లా మెరుస్తుంది. చిన్న గీత పడ్డా ఆ ప్యానెల్ మొత్తం మళ్లీ కొట్టాల్సిందే. వ్యాక్స్ పెట్టకూడదు, బ్రష్‌లు తిరిగే కార్ వాష్‌కు వెళ్లకూడదు.

ఇంకో మాట. అలిపిరిలో వాహన పూజ చేయించిన అలవాటుతో మనవాళ్లు అక్కడ పియర్‌ల్యాండ్ మీనాక్షి గుడికి బండి తీసుకెళ్తారు. తప్పకుండా వెళ్లు. పసుపు, కుంకుమ మాత్రం అద్దం మీద పెట్టమని పూజారి గారిని అడుగు. మాట్ పొర గరుకుగా ఉంటుంది, అందులో పసుపు దిగితే రుద్ది తీయలేవు.

నాకు ఎక్కువ భయం నీ ఊపిరితిత్తుల గురించి. నిలిచే రంగు కావాలంటే హార్డెనర్ (రంగును గట్టిపరిచే ద్రవం) కలిపే టూ-కే పెయింట్ వాడాలి. అందులో ఐసోసైనేట్లు ఉంటాయి. అవి ఆస్తమా తెచ్చిపెడతాయి. ఒంటికి పడకపోవడం మొదలైతే ఆ తర్వాత కొంచెం తగిలినా ఊపిరి ఆడదు. గుడ్డ మాస్క్ దీనికి పనికిరాదు, వేరే చోటి నుంచి శుభ్రమైన గాలి గొట్టంతో అందించే మాస్క్ కావాలి. అపార్ట్‌మెంట్ గ్యారేజీలో స్ప్రే గన్ పట్టుకోవద్దు, దయచేసి. పాత రంగు గీకడం, సామాన్లు విప్పడం, పుట్టీ రుద్దడం మీరే చేసుకోండి, డబ్బు అక్కడే మిగులుతుంది. రుద్దేటప్పుడు కూడా దుమ్ము మాస్క్ ఉండాలి. స్ప్రే మాత్రం పెయింట్ బూత్ (రంగు కొట్టే ప్రత్యేక గది) ఉన్న షాపుకు ఇవ్వు.

నా సలహా అడిగితే బాడీకి మెరిసే రంగు, బానెట్‌కు మాత్రమే ఫ్లాట్ బ్లాక్. గీత పడినా ఒక్క ప్యానెల్‌తో పోతుంది.

పని బాగా వచ్చిందని స్నేహితుల కార్లకు డబ్బు తీసుకుని పెయింట్ వేయకు. హెచ్-1బి మీద ఉంటే మీ కంపెనీ పని తప్ప బయట సంపాదన కుదరదు, వీసాకే ముప్పు.

టైటిల్ కాగితం (బండి యాజమాన్య పత్రం) మీదున్న విన్ నంబర్, అంటే బండి గుర్తింపు నంబర్, బండి మీదున్న నంబర్ ఒకటేనా చూశావా? అది సరిపోతే డిక్కీలో మ్యాట్ ఎత్తి, స్క్రూడ్రైవర్‌తో నేలను పొడిచి చూడు. రేకులోకి దిగిందంటే ముందు వెల్డింగ్ వాడిని వెతుక్కో, రంగు సంగతి తర్వాత.