గొంతులో ముక్క అడ్డం పడితే నీళ్లు తాగించొచ్చా?

వద్దండి, అస్సలు పోయొద్దు. మన హైదరాబాద్‌లో ఫంక్షన్ హాల్లో ఎవరికైనా పొలమారితే నెత్తి మీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారంటూ గ్లాసు నోటికి పెడతారు, మామూలు పొలమారడానికైతే పర్లేదు గానీ బిర్యానీలో మటన్ ముక్క గాలి గొట్టానికి అడ్డం పడితే అది పనిచేయదు.

ముందు చూడాల్సింది గట్టిగా దగ్గగలుగుతున్నారా అని. దగ్గుతుంటే ఇంకా దగ్గమనండి, మీరు కొట్టకండి. మాటా దగ్గూ రెండూ రాక గొంతు పట్టుకుంటే మాత్రం ఒకళ్లని 108కి ఫోన్ చేయమని, మనిషిని ముందుకు వంచి వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి కింది భాగంతో 5 సార్లు గట్టిగా కొట్టండి, రాకపోతే వెనక నిలబడి పిడికిలి బొడ్డుకి కాస్త పైన పెట్టి రెండో చేత్తో పట్టుకుని లోపలికీ పైకీ 5 సార్లు గుంజండి, ముక్క వచ్చేదాకా మార్చి మార్చి ఇదే. గర్భిణులకి పొట్ట కాదు, ఛాతీ మధ్యలో.

ఏడాది లోపు పిల్లలకి పొట్ట అసలు నొక్కొద్దు ప్లీజ్. ముంజేతి మీద బోర్లా, తల కిందికుండేలా పట్టుకుని వీపు మీద 5 దెబ్బలు, తర్వాత వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో 5 నొక్కులు.

స్పృహ తప్పితే వెంటనే సీపీఆర్. పెద్దవాళ్లకైతే ఛాతీ మధ్యలో 5 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100-120 వేగంతో 30 నొక్కి, నోట్లో చూసి, ముక్క కనిపిస్తేనే తీసి, 2 సార్లు ఊపిరి ఊదాలి. కనిపించకుండా వేలు పెట్టి కెలికితే ఇంకా లోపలికి పోతుంది. ముక్క వచ్చేసినా, పొట్ట గుంజారంటే డాక్టర్‌కి చూపించాల్సిందే.