ఆవకాయ ఆర్డరు శాతం గుర్తుల్లో వస్తుంటే

ప్రశ్న: తెనాలిలో ఇంటి దగ్గరే పచ్చళ్లు పెట్టి సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతున్నాం. ఆర్డరు ఫారం నింపితే వివరాలు నాకు మెయిల్‌లో వస్తాయి. ఇంగ్లిష్ అడ్రసుల్లో పదాల మధ్య ప్లస్‌లు. తెలుగులో రాస్తే అన్నీ శాతం గుర్తులూ అంకెలే! పార్సిళ్లు కట్టే మా అత్తయ్యకు ప్రతి ఆర్డరూ నేనే ఫోన్ చేసి కనుక్కుని చెప్పాల్సి వస్తోంది. సైటు చేసిన అబ్బాయి వేరే ఊళ్లో ఉద్యోగానికి వెళ్లిపోయాడు. ఏం చేయాలి సర్?
– ఒక పాఠకురాలు

జవాబు: కంగారు పడకండమ్మా, కస్టమరు రాసింది ఒక్క అక్షరం కూడా పోలేదు. ఫారాన్ని సర్వరుకు పంపేటప్పుడు బ్రౌజరు ఖాళీని ప్లస్‌గా మారుస్తుంది. ఇంటి నంబరులోని ఏటవాలు గీత ‘%2ఎఫ్’ అవుతుంది. తెలుగులో ఒక్కో గుర్తుకు యూటీఎఫ్-8లో (అక్షరాలను కంప్యూటరు బైట్లుగా దాచే పద్ధతి) మూడు బైట్లు, ఒక్కో బైటుకు శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులు. ‘కా’లో దీర్ఘం కూడా విడిగా లెక్కే కాబట్టి ‘ఆవకాయ’ 45 గుర్తుల బారు అవుతుంది. దాన్ని విప్పి మెయిల్‌లో రాయాల్సింది సర్వరులోని ప్రోగ్రాం. మీది విప్పకుండానే పంపేస్తోంది.

సైటు పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉంటే పని తేలిక. ఫారంలో రాసినవన్నీ విప్పేసి ‘పోస్ట్’ అనే పట్టికలో సిద్ధంగా ఉంటాయి, సైటు సరిచేసేవారిని అందులోంచి ఒక్కో గడినీ పేరుతో తీసుకోమనాలి. మెయిల్ మాత్రం మీ అత్తయ్యగారి చేతిపని వరసలోనే రాయించండి. ముందు ఏ పచ్చడి, ఎంత బరువు. తర్వాత పేరు, అడ్రసు, పిన్‌కోడ్, ఫోన్. ఒక్కోటీ ఒక్కో లైనులో, ముందు తెలుగులో శీర్షికతో. ‘నూనె తక్కువ వేయండి’ లాంటి మాటలు రాసే గడి ఖాళీగా ఉంటే ‘ఏమీ రాయలేదు’ అని రావాలి. లేకపోతే అసలు రాయలేదో, మధ్యలో పోయిందో ఆవిడకు తెలిసేదెలా? మామూలు టెక్స్ట్ మెయిలే పంపించండి. వెబ్‌పేజీలా తయారుచేసే హెచ్‌టీఎంఎల్ మెయిల్‌లో, ప్రత్యేకంగా చెప్పకపోతే, అడ్రసు లైన్లన్నీ ఒకే లైనులో కలిసిపోతాయి.

మెయిల్ హెడరులో, అంటే మెయిల్ మొదట్లో ఉండే వివరాల్లో, యూటీఎఫ్-8 అని చెప్పి తీరాలి. సబ్జెక్ట్‌లో తెలుగు ఉంటే దాన్ని విడిగా ఎన్‌కోడ్ (మెయిల్‌లో పంపగల గుర్తుల్లోకి మార్చడం) చేయించాలి.

పంపినవారిని చూపే ‘ఫ్రమ్’లో కస్టమరు మెయిల్ పెట్టే అలవాటు చాలా సైట్లలో ఉంది. నాకది అస్సలు నచ్చదు. ఆ చిరునామాతో పంపే అధికారం మీ సర్వరుకు లేదు కాబట్టి ఆర్డరు స్పామ్‌లో పడొచ్చు. అక్కడ మీ సొంత డొమైన్ (సైటు పేరు) చిరునామా, జవాబు ఎవరికి వెళ్లాలో చెప్పే ‘రిప్లై-టు’లో కస్టమరుది పెట్టించండి. పెట్టేముందు అందులో కొత్త లైను గుర్తులు లేకుండా చూడమనండి. అవి ఉంటే మీ ఫారం గుండానే ఎవరికైనా చెత్త మెయిళ్లు పంపే వీలుంటుంది.

ప్రతి ఆర్డరూ సర్వరులో డేటాబేస్‌లో కూడా దాచాలి, ఎందుకంటే మెయిల్ ఏ రోజైనా రాకపోవచ్చు. మార్పులు అయ్యాక మీరే నాలుగు లైన్ల తెలుగు అడ్రసుతో ఒక ఆర్డరు పెట్టి, ఆ మెయిల్ అత్తయ్యగారి ఫోన్‌లో తెరిచి చదివించండి.