పాత రంగుటద్దం ఎవరు చేశారో ఎలా తెలుసుకోవాలి?

వనపర్తిలో మీ తాతగారి ఇంటి తలుపు పైనున్న రంగుటద్దం ఎవరు చేసిందో తెలుసుకోవాలని అడిగారు. ముందు ముక్కలు దేంతో కలిపారో చూడండి. చెక్క చట్రంలో ఉత్త రంగు పలకలు బిగించి ఉంటే అది వడ్రంగి పని. అలాంటి గాజు మీద పేరు దొరకడం కష్టం.

సీసపు పట్టీలతో కలిపి, గాజు మీద బొమ్మ గీసి ఉంటే మాత్రం ఆశ ఉందండి. వెనక నుంచి వెలుతురు పడేలా చూసి కింది మూలలు, ముఖ్యంగా కుడి మూల వెతకండి. పేరు, ఊరు, సంవత్సరం సన్న అక్షరాల్లో ఉండొచ్చు. కొందరు పేరుకు బదులు గుర్తు వేసేవారు. ఇంగ్లండ్‌లో రంగుటద్దాలు చేసిన కెంప్ అనే ఆయన గుర్తు గోధుమ పన, అంటే గోధుమ కంకుల కట్ట. ఆయన 1907లో చనిపోయాక కంపెనీ ఆ పన మీద చిన్న నల్ల బురుజు చేర్చింది. అంటే గుర్తును బట్టి కాలం కూడా తెలుస్తుంది!

గుర్తు లేదని టెన్షన్ పడకండి, చాలావాటికి ఉండదు. అప్పుడు ముఖాలు, బట్టల మడతలు, అంచుల డిజైన్ తెలిసిన పనితో పోల్చాలి. మెదక్ చర్చి కిటికీలు లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీవి. ఒకసారి వెళ్లి చూస్తే గాజు మీద చిత్రం ఎలా ఉంటుందో కంటికి అలవాటవుతుంది. రాగి రేకు చుట్టి అతికించింది కనబడగానే అమెరికాలో రంగుటద్దాలకు పేరుపొందిన టిఫనీ పని అనుకోకండి, ఆ పద్ధతి ఎందరో వాడారు.

దయచేసి యాసిడ్‌తో, పీచుతో రుద్దొద్దు. రంగుతో పాటు పేరు కూడా పోతుంది. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.