7.25 లక్షల పాత ఎలక్ట్రిక్ కారు, మిగిలిన 48 నెలల వారంటీ

ప్రశ్న: హనుమకొండలో సొంత ఇల్లు. వయసు 41, ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ణి. బడి పరకాల దగ్గర, రానూపోనూ రోజుకు 70 కిలోమీటర్లు. పన్నెండేళ్ల పాత పెట్రోలు కారు నడుపుతున్నాను. లీటరుకు 16 కి.మీ. ఇస్తుంది, అమ్మితే 1.75 లక్షలు రావచ్చు. హైదరాబాద్‌లో ఒక డీలరు దగ్గర 2022 మార్చిలో రిజిస్టరైన నెక్సాన్ ఈవీ ఉంది. 52 వేల కి.మీ. తిరిగింది. 7.25 లక్షలు, పైన 18 శాతం జీఎస్టీ అంటున్నాడు. ఐదేళ్ల లోను తీసుకుంటే పెట్రోలులో మిగిలే డబ్బే కిస్తీ కట్టేస్తుందని అతని లెక్క. నాకు 3 లక్షల ఎఫ్‌డీ ఉంది. 5 లక్షల చిట్టీలో 50 నెలలకు 20 కట్టాను, ఇంకా పాడలేదు. ఇప్పుడు పాట 1,10,000 దగ్గర పోతోంది. కింది అంతస్తులో అమ్మ మీటరుకు జీరో బిల్లు వస్తుంది. అక్కడ ఛార్జింగ్ పెట్టుకుంటే కరెంటు ఉచితమే కదా? ఈ లోనుకు పన్ను మినహాయింపు కూడా ఉందంటున్నారు. కొనమంటారా?

జవాబు: 7.25 లక్షలకైతే వద్దండి.

మీ ప్రయాణానికి ఎలక్ట్రిక్ కారు చక్కగా సరిపోతుంది. రోజూ ఒకే దారి, ఒకే దూరం, రాత్రి ఇంట్లోనే నిలిపే చోటు, పక్కనే సొంత మీటరు. ఇన్ని అనుకూలతలు ఒకేచోట కుదిరిన వాళ్లు నా దగ్గరికి తక్కువే వస్తారు. నా అభ్యంతరమల్లా ఆ ధరతోనూ, ఆ ఐదేళ్ల లోనుతోనూ.

పాత పెట్రోలు కారును కొన్నాళ్లు చిన్నచిన్న మరమ్మతులతో లాగించవచ్చు. ఎలక్ట్రిక్ కారులో అసలు ఖరీదంతా బ్యాటరీ ప్యాక్‌లోనే ఉంటుంది. అది పోయి, వారంటీ కూడా లేకపోతే వచ్చే బిల్లు లక్షల్లోనే. మీరు చెప్పిన కారు బ్యాటరీకి కంపెనీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కి.మీ., ఏది ముందు పూర్తయితే అది. కాబట్టి 2030 మార్చితో ఆ భరోసా ముగుస్తుంది. మీరు నెలకు 1,600 కి.మీ. తిరిగినా అప్పటికి మీటరు 1,29,000 దగ్గరే ఉంటుంది కనుక మీకు కిలోమీటర్ల బెంగ లేదు, కాలమే హద్దు. ఇంకా దాదాపు 48 నెలలు.

పాత ఎలక్ట్రిక్ కారు ధర చెప్పగానే నేను దాన్ని మిగిలిన వారంటీ నెలలతో భాగిస్తాను. 7,25,000ను 48తో భాగిస్తే నెలకు 15,100 రూపాయలు. వారంటీ ముగిసిన రోజున కారు విలువ సున్నా అవుతుందా అంటే కాదు, ఎంతోకొంత వస్తుంది. ఆ ఎంతో ఇవాళ చెప్పగలిగినవారు లేరు కనుక, కొనేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోకపోవడమే మేలు.

ఇప్పుడు షోరూమ్ వైపు చూడండి. టియాగో ఈవీలో చిన్న బ్యాటరీ మోడల్ ఎక్స్‌షోరూమ్ ధర 8 లక్షల చుట్టూ మొదలవుతుంది. మామూలుగానైతే దానిమీద లైఫ్ ట్యాక్స్ భారీగా పడాలి. కానీ తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసింది. ఇన్సూరెన్సు, చిల్లర ఖర్చులు కలిపి 8.6 లక్షలు అనుకుందాం. దానికీ 8 ఏళ్ల, 1,60,000 కి.మీ. వారంటీయే, కాకపోతే మొదటి రోజు నుంచి. 96 నెలలతో భాగిస్తే నెలకు 9,000 లోపు. మీ తిరుగుడు 96 నెలలకు 1,53,600 కి.మీ., అది కూడా హద్దులోనే ఉంది. పాత కారుకు నెలకు 15,100, కొత్త కారుకు 9,000. కారు చిన్నది, డిక్కీ చిన్నది, పెద్ద కారులో కూర్చున్న దర్జా రాదు. ఆ దర్జాకు నెలకు ఆరు వేలు పెట్టాలా వద్దా అన్నది మీ ఇంట్లో తేలాల్సిన విషయం.

నెక్సానే కావాలంటే నా దృష్టిలో దానికి న్యాయమైన ధర 5.75 లక్షలు, మహా అయితే 6 లక్షలు. బేరానికి మీ చేతిలో మరో ఆయుధం ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. కొత్త కార్లు చవకైనప్పుడు పాత కార్ల ధరలు కూడా దిగాలి కదా అని డీలరును అడగండి.

ఇక కిస్తీ సంగతి. పాత కార్ల లోను 12.5 శాతానికి దొరికిందనుకున్నా, 7 లక్షలకు ఐదేళ్ల కిస్తీ 15,750 పడుతుంది. మీకు పెట్రోలులో ఎంత మిగులుతుంది? నెలకు 1,600 కి.మీ.కు 100 లీటర్లు, లీటరు 107 చొప్పున 10,700. ఇందులోంచి కరెంటు ఖర్చు తీసేయాలి. డీలరు లెక్కలో అదే కనిపించడం లేదు.

ఛార్జింగ్‌లో పోయే నష్టంతో కలిపి యూనిట్‌కు 6.4 కి.మీ. అనుకుంటే నెలకు 250 యూనిట్లు కావాలి. మీ ఇంటి వాడకం 180 యూనిట్లు అనుకుంటున్నాను. ఈ వాడకానికి ఇప్పుడు మొదటి వంద యూనిట్లు 3.40 చొప్పున, మిగతావి 4.80 చొప్పున పడి ఎనర్జీ ఛార్జీ 724 అవుతుంది. వాడకం 200 దాటిందంటే శ్లాబే మారిపోతుంది. మొదటి 200 యూనిట్లూ 5.10 చొప్పున, తర్వాతి వంద 7.70, ఆ పై వంద 9.00, 400 దాటినవి 9.50. 430 యూనిట్లకు 2,975. ఫిక్స్‌డ్ ఛార్జీలు వదిలేసినా కారు వల్ల అదనంగా పడేది 2,250. అంటే నెలకు మిగిలేది 8,450, కట్టాల్సింది 15,750. పైగా ఆ లోను వారంటీ కన్నా ఏడాది ఎక్కువ నడుస్తుంది. ఆ చివరి ఏడాదిలో బ్యాటరీ మొరాయిస్తే ఒక చేత్తో కిస్తీ, ఇంకో చేత్తో బ్యాటరీ బిల్లు. ఎలక్ట్రిక్ కారు లోను ఏదైనా వారంటీ కన్నా ముందే తీరిపోవాలి. ఈ విషయంలో నేను ఎవరికీ సడలింపు ఇవ్వను.

అమ్మగారి మీటరు గురించి. గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడితేనే జీరో బిల్లు. దాటితే మొత్తం బిల్లు కట్టాల్సిందే. ఆవిడ వాడకం 90 యూనిట్లయితే కారుతో కలిపి 340. బిల్లు 2,150 వస్తుంది. మీ మీటరు మీద అదనంగా పడేది 2,250. వంద రూపాయల తేడా కోసం అమ్మగారికి ఇన్నాళ్లూ వస్తున్న జీరో బిల్లు పోగొడతారా? 200 దాటకుండా సగం అక్కడ, సగం ఇక్కడ పెట్టుకుంటే అన్న ఆలోచన మీకు రాకపోదు. ఆ పథకం పేదింటి దీపాలకూ ఫ్యాన్లకూ ఉద్దేశించింది. దాంతో ఉపాధ్యాయుడి కారు నడిపే లెక్క నేను వేసి ఇవ్వను.

మీ మీటరుకే పెట్టండి. ముందు బిల్లు మీద మంజూరైన లోడ్ ఎంతో చూసుకోండి. ఇంట్లో పెట్టుకునే మామూలు ఛార్జరే 3.3 కిలోవాట్లు లాగుతుంది. రెండు కిలోవాట్ల కనెక్షన్ దానికే చాలదు, తోడుగా ఏసీ నడిస్తే ఇక చెప్పక్కర్లేదు. నక్కలగుట్టలో ప్రధాన కార్యాలయం ఉన్న మన విద్యుత్ పంపిణీ సంస్థ ఎన్‌పీడీసీఎల్‌కు అదనపు లోడ్ కోసం దరఖాస్తు చేయండి. మీటరు నుంచి విడిగా లావు రాగి వైరు, విడి ఎంసీబీ (లోడ్ మించితే కరెంటు ఆపే స్విచ్), సరైన ఎర్తింగ్ తప్పనిసరి. 70 కి.మీ. తిరిగిన కారుకు రాత్రి మూడున్నర గంటల ఛార్జింగ్ చాలు, ఖరీదైన వాల్‌బాక్స్ అవసరం లేదు. ఆరు నెలల బిల్లులు చూశాక డాబా మీద సోలార్ గురించి ఆలోచించవచ్చు. 3 కిలోవాట్లకు పీఎం సూర్యఘర్ కింద 78,000 సబ్సిడీ ఉంది, మీకు ముందుగా తగ్గేవి 9 రూపాయల యూనిట్లు కనుక త్వరగానే గిట్టుబాటవుతుంది. కానీ రెండు పెద్ద ఖర్చులు ఒకే ఏడాది వద్దు.

18 శాతం జీఎస్టీ మాట నిజమే, అది పడే చోటు వేరు. 2024 డిసెంబరు జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయం ప్రకారం పాత వాహనాలు అమ్మే వ్యాపారి తన లాభం మీద మాత్రమే ఆ పన్ను కట్టాలి. 6.5 లక్షలకు కొని 7.25కు అమ్మితే 75,000 మీద 18 శాతం, అంటే 13,500. మొత్తం ధర మీద 1,30,500 అడిగితే ఆ గుమ్మం దిగి వచ్చేయండి. మామూలు యజమాని దగ్గర నేరుగా కొంటే ఈ పన్నే లేదు. లోను వడ్డీ మీద ఆదాయపు పన్ను మినహాయింపు, అంటే 80ఈఈబీ, 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 మధ్య మంజూరైన లోన్లకే. మీకు రాదు.

డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి, ఇంటికి ఆపద వస్తే ఉన్నది అదొక్కటే. చిట్టీ పాడండి. చిట్టీ పాడితే నష్టమని అందరూ అంటారు కానీ లెక్క వేసి చూస్తే మీ విషయంలో అది చవకైన అప్పు. 1,10,000 వదులుకుంటే చేతికి 3,90,000 వస్తాయి. పాడకుండా చివరిదాకా ఆగితే, 5 శాతం కమీషన్ పోను 4,75,000 వస్తాయి, అదీ 30 నెలల తర్వాత. ఈ తేడా ఏడాదికి సుమారు 8 శాతం వడ్డీతో సమానం. పాట 1,45,000కు ఎగబాకితే మాత్రం 12 శాతం దాటిపోతుంది, అప్పుడు ఆ నెల ఊరుకుని పై నెల చూడండి. మిగిలిన వాయిదాలు ఎలాగూ కట్టేవే కనుక నెలవారీ భారం కొత్తగా పెరగదు. జామీను ఇచ్చే సహోద్యోగులతో మాత్రం ముందే మాట్లాడి పెట్టుకోండి, పాట దక్కాక వెతుక్కోవడం తలనొప్పి.

చిట్టీ 3.90, పాత కారు 1.75, కలిపి 5.65 లక్షలు. నెక్సాన్ 5.75కు దిగితే పదివేలే తక్కువ, అప్పే అక్కర్లేదు. టియాగో అయితే మరో 3 లక్షలు కావాలి. కొత్త కార్ల లోను 9 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే కిస్తీ 9,500. పెట్రోలు మిగులు 8,450కి వెయ్యి కలిపితే సరిపోతుంది. డీలరు చెప్పిన మాట నిజమయ్యేది ఇక్కడ మాత్రమే.

పాత కారుకే మొగ్గితే ఒక్క రూపాయి అడ్వాన్సు ఇవ్వకముందే రెండు పరీక్షలు. మొదటిది, కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రంలో బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతమో చూపించే రిపోర్టు, కాగితం మీద. వారంటీ రెండో యజమానికి పూర్తిగా బదిలీ అవుతుందో లేదో కూడా అక్కడే రాతపూర్వకంగా తీసుకోండి. ఈ మధ్య కొన్ని కంపెనీలు జీవితకాల వారంటీ అని గొప్పగా ప్రకటించి, దాన్ని మొదటి యజమానికే పరిమితం చేస్తున్నాయి. రెండోది రోడ్డు పరీక్ష. నూరు శాతం ఛార్జ్ చేసి, ఏసీ వేసుకుని, నలుగురిని ఎక్కించుకుని 70 కి.మీ. నడపండి. 35 శాతం ఖర్చయితే 200 కి.మీ. బండి. 42 శాతం దాటితే 167 లోపే వస్తుంది, వదిలేయండి. కంపెనీ పత్రంలోని 312 కి.మీ. అనే అంకె ప్రయోగశాలది, దాన్ని పట్టించుకోకండి.

వరద సంగతి మరవద్దు. 2023 జులైలో మన వరంగల్, హనుమకొండ కాలనీల్లోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోనూ కార్లు మునిగాయి. అలాంటివి కడిగి, తుడిచి ఏ ఊరి బజారుకైనా రావచ్చు. సీటు బెల్టును చివరిదాకా లాగి బురద చారలున్నాయేమో చూడండి, క్లెయిమ్ చరిత్రను బీమా కంపెనీ దగ్గర అడగండి. ఆర్సీ నంబరుతో ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో ఎంతమంది యజమానులు మారారో, ఫైనాన్స్ తీరిందో లేదో తెలుస్తుంది. ఇతర రాష్ట్రపు నంబరు ఉంటే చవగ్గా వచ్చినా తొందరపడకండి. తెలంగాణ పన్ను మాఫీ ఇక్కడ కొని ఇక్కడే రిజిస్టర్ చేసిన బండ్లకోసం పెట్టింది. బయటి బండికి ఎంత కట్టాలో డబ్బు ఇచ్చేముందే రవాణా శాఖ కార్యాలయంలో కనుక్కోండి.

హైదరాబాద్ 145 కి.మీ. హైవే మీద వెళ్లడం వరకు ఇబ్బంది లేదు, రావడానికి అక్కడ ఛార్జ్ చేయాలి. మేడారం వెళ్లి రావడం దాదాపు 200 కి.మీ., ఒక్క ఛార్జితో ప్రయత్నించకండి. ఏడాదికి అలాంటి ప్రయాణాలు ఏ నాలుగైదో ఉంటాయి, వాటికి కారు అద్దెకు తీసుకోవచ్చు. వాటికోసమని పాత పెట్రోలు కారును కూడా ఉంచుకుంటే దాని ఇన్సూరెన్సు, టైర్లు, సర్వీసింగ్ మీ మిగులులో సగం తినేస్తాయి.

ఇన్సూరెన్సు విషయంలో, పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది ఆయనతోనే పోతుంది. నెక్సాన్ మోటారు 65 కిలోవాట్ల పైది కనుక 2022 నోటిఫికేషన్ ప్రకారం థర్డ్ పార్టీ ప్రీమియమే 6,712. బ్యాటరీకి విడిగా కవర్ తీసుకోండి. పాలసీని మీ పేరిట మార్చమని కొన్న 14 రోజుల్లో దరఖాస్తు ఇవ్వాలి, ఆర్సీ బదిలీకి 30 రోజుల గడువు. యాజమాన్య బదిలీకి పాత యజమాని సంతకం చేసిన 29, 30 ఫారాలు, లోను ఉండి ఉంటే అది తీరిందని బ్యాంకు ఇచ్చిన ఫారం 35, ఈ మూడూ చేతికి వచ్చాకే చివరి లక్ష ఇవ్వండి.