ఏడో అధికరణం ఉండి కూడా పోలండ్ కోర్టులను యూరోపియన్ యూనియన్ ఎందుకు కాపాడలేకపోయింది?

ఏడో అధికరణం మీద ఆశ పెట్టుకోవద్దు. యూనియన్ విలువలను తీవ్రంగా ఉల్లంఘించే సభ్యదేశం ఓటుహక్కును ఆపే వీలు కల్పించే యూనియన్ ఒప్పంద నిబంధన అది. కానీ అలా ఆపాలంటే, ముందు మిగతా సభ్యదేశాలన్నీ ఒక్క మాట మీద నిలబడాలి. ప్రభుత్వం కోర్టులను గుప్పిట్లోకి తెచ్చుకుంటోందని 2017 డిసెంబరు 20న పోలండ్‌పై ఆ ప్రక్రియ మొదలైంది, హంగరీ అడ్డుపడతానంది. అంతే, ముందుకు కదల్లేదు. 2024 మేలో మూసేశారు.

నిజంగా పనిచేసింది అదే ఒప్పందంలోని 19వ అధికరణం. యూరోపియన్ చట్టం వర్తించే విషయాల్లో ప్రతి దేశమూ ప్రజలకు సరైన న్యాయరక్షణ కల్పించాలని అందులో ఉంది. జీతాల కోతపై పోర్చుగల్ జడ్జీలు వేసిన కేసులో, 2018 ఫిబ్రవరిలో, లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానం ఆ మాటకు అర్థం చెప్పింది: కోర్టు స్వతంత్రంగా లేకపోతే అది న్యాయరక్షణే కాదు. ఆ జడ్జీలు కేసు గెలవలేదు. కానీ పోలండ్‌పై వచ్చిన తీర్పులన్నిటికీ పునాది అదే.

పోలండ్‌లో సుప్రీంకోర్టు జడ్జీల పదవీ విరమణ వయసును 70 నుంచి 65కు తగ్గించే చట్టం అదే ఏడాది అమల్లోకి వచ్చింది. మన సుప్రీంకోర్టు జడ్జీల వయోపరిమితి రాజ్యాంగంలోనే ఉంది. అక్కడ మామూలు చట్టానికి వదిలేశారు, ప్రభుత్వానికి దారి దొరికింది అక్కడే. 72 మందిలో 27 మందికి గండం. ఉండాలంటే దేశాధ్యక్షుడు ఒప్పుకోవాలి. ప్రధాన న్యాయమూర్తి మాల్గొజాతా గెర్స్‌దోర్ఫ్ పదవీకాలం ఆరేళ్లని రాజ్యాంగమే చెబుతోంది కాబట్టి ఆమె దిగనన్నారు. జులై 4 ఉదయం, బయట జనం మద్దతుగా నినాదాలు చేస్తుండగా, ఎప్పటిలాగే కోర్టుకు వచ్చారు. అక్టోబరులో లక్సెంబర్గ్ కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది, జడ్జీలు వెనక్కి వచ్చారు. ఇక్కడ వేగమే కాపాడింది. తుది తీర్పు 2019 జూన్‌లో గానీ రాలేదు. అప్పటిదాకా ఆగి ఉంటే ఆ కుర్చీల్లో వేరేవాళ్లు స్థిరపడిపోయేవారు.

జడ్జీలను శిక్షించడానికి పెట్టిన క్రమశిక్షణ విభాగం విషయంలో మాత్రం డబ్బే కదిలించింది. ఆపమన్నా ఆపనందుకు 2021 అక్టోబరు నుంచి రోజుకు 10 లక్షల యూరోల జరిమానా. పోలండ్ కట్టకపోతే, దానికి రావలసిన నిధుల్లోంచి కోసుకున్నారు. 2022 జులైలో ఆ విభాగం రద్దయింది.

ఇన్ని తీర్పులొచ్చినా మానని గాయం నియామకాలది. జడ్జీలను ఎంపిక చేసే జాతీయ న్యాయమండలిలో 25 మంది సభ్యులు. వారిలో 15 మంది జడ్జీలను ఇదివరకు తోటి జడ్జీలే ఎన్నుకునేవారు. 2017 డిసెంబరు చట్టంతో ఆ పని పార్లమెంటు దిగువ సభ చేతికి వెళ్లింది. ఫోన్ చేసి తీర్పు చెప్పించనక్కర్లేదు. ఎవరు జడ్జి అవుతారో, ఎవరికి పదోన్నతి దక్కుతుందో గుప్పిట్లో ఉంటే చాలు. ఈ మండలి ద్వారా వచ్చినవాళ్లు రెండు వేలకు పైమాటే. వాళ్ల నియామకం చెల్లదంటే, వాళ్లిచ్చిన విడాకులు, ఆస్తి పంపకాలు ఏం కావాలి? అందుకే అందరినీ ఒక్క చట్టంతో తీసేయడం తగదని, విడివిడిగా పరిశీలించాలని, రాజ్యాంగ విషయాల్లో యూరప్ దేశాలకు సలహాలిచ్చే వెనిస్ కమిషన్ 2024లో చెప్పింది. నా లెక్కలో కూడా అదే సరైన దారి, ఎంత నెమ్మదైనా.

దానికైనా చట్టం కావాలి, చట్టానికి అధ్యక్షుడి సంతకం కావాలి. ఆయన తిప్పి పంపితే దిగువ సభలో ఐదింట మూడొంతుల ఓట్లు పడాలి, అందరూ హాజరైతే 460లో 276. ఈ మార్పులు తెచ్చిన ప్రభుత్వాన్ని దించి 2023 ఎన్నికల్లో గెలిచిన కూటమికి దక్కినవి 248.