రిపేరు జవాబు వెతికితే దొరకాలంటే

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఇబ్బంది గురించి వచ్చాయి: కంప్యూటరు, ప్రింటరు సమస్యకు పరిష్కారం ఒకసారి తెలిసినా, మళ్లీ అవసరమైన రోజున అది ఎక్కడ రాసి పెట్టారో కనబడదు. వాటిలో కొన్నింటికి జవాబులివి.

ప్ర: సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో మాది ల్యాప్‌టాప్ సర్వీసు షాపు. నలుగురు టెక్నీషియన్లు. ఏ కంప్లయింట్ ఎలా పోయిందో వాట్సాప్ గ్రూపులో పెడుతుంటాం. నెల తిరిగాక అదే కేసు వస్తే ఆ మెసేజ్ దొరకదు. ఏదైనా సాఫ్ట్‌వేర్ కొనాలా?

జ: కొనకండి. నలుగురికి ఒక గూగుల్ షీట్ చాలు. గ్రూపులో దొరకకపోవడానికి కారణం వాట్సాప్ కాదు. ‘అయిపోయింది అన్నా’, ‘బయోస్‌లో మార్చిన, వచ్చేసింది’ లాంటి మెసేజ్‌లో మోడల్ ఉండదు, సమస్య ఉండదు. ఇక ఏ మాట కొట్టి వెతుకుతారు? మెసేజ్‌ను పిన్ చేసినా 30 రోజులకు మించి నిలవదు.

షీట్‌లో ఏడు గళ్లు పెట్టండి: కస్టమర్ చెప్పిన లక్షణం, తెర మీద కనబడిన అక్షరాలు, మోడల్‌తో పాటు విండోస్ వెర్షన్, చేసిన పని, అసలు కారణం, తేదీ, రాసినవారి పేరు. అన్నిటికన్నా ముఖ్యమైనది మొదటి గడి. టెక్నీషియన్లు అక్కడే పొరపాటు పడతారు: పని అయ్యాక రాస్తారు కాబట్టి చేతిలో ఉన్న పరిష్కారాన్నే శీర్షికగా పెట్టేస్తారు. వెతికేవాడికి ఆ పరిష్కారం తెలియదు, తెలిస్తే వెతకడు. అతనికి తెలిసింది కళ్ల ముందున్న లక్షణమే.

ఒక ఉదాహరణ. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లున్న చాలా ల్యాప్‌టాప్‌లలో బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే సెట్టింగుల్లో) వీఎండీ అనే ఇంటెల్ స్టోరేజీ సెట్టింగు ఆన్‌లో ఉండి వస్తుంది. కొత్తగా విండోస్ ఎక్కించబోతే, దానికి తగిన డ్రైవర్ లేక సెటప్‌లో ఎస్‌ఎస్‌డీ కనబడదు. ఈ కేసును ఆ డ్రైవర్ పేరుతో ‘ఆర్‌ఎస్‌టీ డ్రైవర్’ అని రాస్తే కొత్త కుర్రాడికి ఎప్పటికీ దొరకదు. ‘విండోస్ ఇన్‌స్టాల్‌లో డిస్క్ చూపిస్తలేదు – ఇంటెల్ 11వ తరం’ అని రాస్తే దొరుకుతుంది. చేసిన పని గడిలో ఎక్కడ తప్పు జరుగుతుందో కూడా ఉండాలి. ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ ఇన్‌స్టాలర్‌ను ఉన్నది ఉన్నట్టు పెన్‌డ్రైవ్‌లో వేసుకెళితే సెటప్‌కు ఏమీ అందదు. దాన్ని విప్పి, లోపల ఐఎన్‌ఎఫ్ ఫైలున్న ఫోల్డర్‌ను కాపీ చేసి, ‘లోడ్ డ్రైవర్’ నొక్కి ఆ ఫోల్డర్ చూపించాలి.

హెచ్చరిక ఏదైనా ఉంటే చేసిన పని గడిలో మొదటి వాక్యంగా రాయండి. ఈ కేసులో అదేమిటంటే: ఇప్పటికే విండోస్ ఉన్న మెషీన్‌లో వీఎండీని ఆపితే ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అంటూ నీలం తెర రావచ్చు. బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఇది చివర్లో రాస్తే, చదివేవాడు అక్కడికి చేరేసరికి వీఎండీ ఆపేసి ఉంటాడు.

కారణం గడి ఎందుకని మీవాళ్లు అడుగుతారు. కానన్ ఇంక్ ట్యాంక్ ప్రింటర్లలో 5బి00 ఎర్రర్ తెలిసిందే. వృథా ఇంకును పీల్చుకునే ప్యాడ్ నిండిందని ప్రింటర్ లెక్కగట్టి ఆగిపోతుంది. షీట్‌లో ‘రీసెట్ కొడితే పోయింది’ అని మాత్రమే ఉంటే తర్వాతివాడు కౌంటర్ రీసెట్ చేసి పంపేస్తాడు. ప్యాడ్ మార్చలేదు కాబట్టి కొన్నాళ్లకు ఇంకు అడుగు నుంచి కారి కస్టమర్ టేబుల్ పాడవుతుంది. ‘ప్యాడ్ నిండింది, మార్చాకే రీసెట్’ అని ఒక్క ముక్క ఉంటే ఆ గొడవే లేదు.

పాత చాట్ అంతా షీట్‌లోకి ఎక్కించాలని మాత్రం కూర్చోకండి, మధ్యలోనే విసుగొస్తుంది. ఏదైనా కేసు రెండోసారి వచ్చినప్పుడు రాయండి. అరుదైన మదర్‌బోర్డు కేసులు, హెచ్చరిక అవసరమైనవి అయితే మొదటిసారే.

ప్ర: కూకట్‌పల్లిలో ఒక డిగ్రీ కాలేజీ ల్యాబ్ చూస్తాను. సమస్యలను హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్, నెట్‌వర్క్ అని విడదీసి, వాటి కింద మళ్లీ చాలా ఫోల్డర్లు చేశాను. ఎవరూ సరైన చోట పెట్టరు, పెట్టినా నాకే దొరకదు.

జ: తప్పు మీవాళ్లది కాదు, విభజనది. ‘ప్రింటర్ ఆఫ్‌లైన్’ ఏ ఫోల్డర్‌లోకి వెళ్లాలి? ప్రింటర్ కాబట్టి హార్డ్‌వేర్ అనుకోవచ్చు, డ్రైవర్ అయితే సాఫ్ట్‌వేర్, ఐపీ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) మారితే నెట్‌వర్క్. కారణం తేలేదాకా ఎవరూ చెప్పలేరు. కారణాన్ని బట్టి కాక, చేతితో తాకి చూపించగల వస్తువును బట్టి విడదీయండి: ప్రింటర్, సిస్టమ్, ప్రొజెక్టర్, యూపీఎస్, వైఫై. ఒక్క మెట్టే, కింద ఫోల్డర్లు వద్దు. పేర్లు ఎవరికి వారు టైప్ చేయకుండా డ్రాప్‌డౌన్‌లో ఎంచుకునేలా పెట్టండి, లేకపోతే ‘వైఫై’, ‘వై-ఫై’, ‘నెట్’ మూడు వేర్వేరు గుంపులవుతాయి. ‘ఇతరాలు’ అనేది పెట్టకండి. పెట్టారంటే సగం అందులోకే పోతాయి.

ఒకే లక్షణానికి రెండు కారణాలు ఉన్నచోట రెండు జవాబులు రాయడం ఇంకో చిక్కు. మొదట కనబడినదాన్ని చదివినవాడు అది పని చేయకపోతే వదిలేస్తాడు. ఒకే జవాబు రాసి, పైన పరీక్ష పెట్టండి. ప్రింట్ ఇస్తే కదలకపోవడమే తీసుకోండి. ముందు ప్రింటర్ నుంచి నెట్‌వర్క్ వివరాల పేజీ తీసి, అందులోని ఐపీని కంప్యూటర్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్, పోర్ట్స్‌లో ఉన్న ఐపీతో పోల్చాలి. వేరుగా ఉంటే, కరెంటు పోయి వచ్చాక రౌటర్ ప్రింటర్‌కు కొత్త ఐపీ ఇచ్చి ఉంటుంది. పోర్ట్ సరిచేసి, మళ్లీ మారకుండా రౌటర్‌లో ప్రింటర్ మ్యాక్ అడ్రస్‌కు (పరికరానికి ఉండే సొంత గుర్తింపు నంబరుకు) ఆ ఐపీని రిజర్వ్ చేయాలి. ఐపీ ఒకటే అయి, క్యూలో పాత ఫైలు ఇరుక్కుని ఉంటే ప్రింట్ స్పూలర్ సర్వీసును (ప్రింట్ పనులను వరుసలో పెట్టే విండోస్ భాగాన్ని) ఆపి, సిస్టమ్32లో స్పూల్ కింద ప్రింటర్స్ ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లు తీసేసి, సర్వీసు మళ్లీ మొదలుపెట్టాలి. ఫోల్డర్‌ను కాదు, లోపలి ఫైళ్లనే.

ఒకే సమస్యను ముగ్గురు మూడు రకాలుగా రాస్తే రెండింటిని తీసేయకండి. ఆ రెండు వరుసలనూ ఉంచి, జవాబు గడిలో అసలు వరుసకు లింకు ఇవ్వండి. ఎవరు ఏ మాటతో వెతికినా ఒకే చోటికి చేరతారు.

ప్ర: మేం అన్నీ తెలుగులోనే రాసుకుంటున్నాం. వెతికితే కొన్ని వస్తాయి, కొన్ని రావు. కళ్లముందున్న వరుస కూడా దొరకదు. – మల్కాజిగిరి

జ: చాలావరకు కంటికి కనబడని ఒక అక్షరం వల్ల. ‘సాఫ్ట్‌వేర్’ అని విడిగా కనబడేలా రాసినప్పుడు ‘ట్’ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే యూనికోడ్ గుర్తు ఉంటుంది. అది లేకపోతే ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. చదివేవారికి ఒకటే మాట, సాదా వెతుకులాటకు రెండు వేర్వేరు మాటలు. కొన్ని కీబోర్డులు ఆ గుర్తును వాటంతటవే చేరుస్తాయి, కొన్ని చేర్చవు. షీట్‌లో పక్కన ఇంకో గడి పెట్టి, సబ్‌స్టిట్యూట్ ఫార్ములాతో యూనికార్(8204)ను, అంటే ఆ కనబడని గుర్తును, తీసేసిన పాఠాన్ని అందులోకి తెచ్చుకోండి. వెతికేటప్పుడు మాటలో మొదటి భాగమే కొట్టండి: ‘సాఫ్ట’ అంటే రెండూ వస్తాయి. అలాగే చివరి పొల్లు వదిలి ‘డ్రైవర’ అని కొడితే డ్రైవర్, డ్రైవరు, డ్రైవర్లు అన్నీ పడతాయి.

క్రియతో వెతకడం మానండి. ఒకరు ‘ప్రింట్ రావట్లేదు’ అని రాస్తారు, ఇంకొకరు ‘వస్తలేదు’, మరొకరు ‘ప్రింటర్ ఖరాబైంది’, ‘బంద్ పడ్డది’. ఇవన్నీ మన ఊళ్లో మామూలు మాటలే, దిద్దాల్సిన పని లేదు. వస్తువు పేరుతోనే వెతకాలి. ఎర్రర్ కోడ్‌ను మాత్రం తెర మీద ఉన్నట్టే ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కించండి, ఫొటో ఒక్కటీ చాలదు. అను ఫాంట్లలో టైప్ చేసిన పాత నోట్సు ఉంటే యూనికోడ్‌లోకి మార్చేదాకా అందులో ఏ తెలుగు మాటా దొరకదు. ఎందుకంటే లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు.

ప్ర: నాంపల్లిలో ఆఫీసు. పాత జవాబులు కుప్పలుగా ఉన్నాయి. తీసేయమంటారా?

జ: తీసేయకండి, పైన ముద్ర వేయండి: ‘పాతది, ఫలానా తేదీ వరకు’, కింద కొత్త జవాబు లింకు. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న ముగిసింది. అయినా డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ తగిలించిన పాత సిస్టమ్‌లు ఆఫీసుల్లో ఇంకా నడుస్తూనే ఉన్నాయి. వాటికి ఆ జవాబే కావాలి.

ప్రమాదం వెర్షన్ రాయని జవాబులతోనే. 2024 జనవరిలో వచ్చిన కేబీ5034441 అప్‌డేట్, రికవరీ పార్టిషన్ (డిస్క్‌లో విండోస్ రిపేరు ఫైళ్లకు విడిగా ఉంచిన భాగం) చిన్నగా ఉన్న విండోస్ 10 సిస్టమ్‌లలో ఎక్కలేదు. పార్టిషన్‌ను 250 ఎంబీ పెంచమన్నది అప్పటి సలహా. అప్‌డేట్ పేరు, తేదీ లేకుండా ‘అప్‌డేట్ ఎక్కకపోతే పార్టిషన్ పెంచాలి’ అని రాసి ఉంటే, ఇంకేదో కారణంతో ఆగిన సిస్టమ్‌లో ఎవరో డిస్క్‌పార్ట్ (డిస్క్ భాగాలను మార్చే, చెరిపే విండోస్ టూల్) తెరుస్తారు. డేటా పోగొట్టడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు.

నెలకోసారి అన్నీ తిరగేయాలనే నియమం ఎక్కడా నిలవదు. జవాబు వాడుకున్నవారే పక్క గడిలో ‘పనిచేసింది’ లేదా ‘పనిచేయలేదు’ అని తేదీతో వేస్తే సరి. ‘పనిచేయలేదు’ రెండుసార్లు పడినవి మాత్రం మీరు చూడండి.

ప్ర: షీట్‌ను ఏఐ చాట్‌బాట్‌కు ఇస్తే అదే వెతికి చెబుతుంది కదా, ఇంత శ్రమ దేనికి? – మణికొండ

జ: చెబుతుంది. మోడల్, వెర్షన్ గళ్లు ఖాళీగా ఉంటే రెండు కేసులను కలిపి ఒకటిగా కూడా చెబుతుంది. జవాబుతో పాటు వరుస నంబరు చూపించమని అడగండి, అసలు వరుస చదివాకే మెషీన్ మీద చేయి వేయండి. షీట్ ఇచ్చేముందు అందులో కస్టమర్ ఫోన్ నంబర్లు, పాస్‌వర్డులు, బిట్‌లాకర్ కీలు లేవని చూసుకోండి. అసలు అవి ఆ షీట్‌లో ఉండకూడదు. జాబ్ కార్డు నంబరు రాస్తే చాలు.