మైనం కథ కొట్టేయ్

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ‘సిన్సియర్’ అనే మాట దగ్గర ఆగిపోయాను. రోమన్ శిల్పులు పాలరాతి పగుళ్లను మైనంతో పూడ్చి అమ్మేవారనీ, నిజాయితీపరులు మాత్రం ‘సినే సేరా’, అంటే మైనం లేదు, అని చెప్పేవారనీ, ఆ మాట అక్కడే పుట్టిందనీ రాశావు. ముచ్చటైన కథే. ముప్పై ఏళ్ల కిందట నేనూ ఒక సభలో ఇదే చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. తర్వాత నిఘంటువు తెరిస్తే సిగ్గు వేసింది. మూలం ‘సిన్సేరుస్’ అనే లాటిన్ మాట. కల్తీ లేనిది, స్వచ్ఛమైనది అని అర్థం. మైనానికి ఆధారమేమీ లేదు. కథ మరీ చక్కగా అతికిందంటే ఆ అతుకును గోటితో ఒకసారి గీకి చూడు.

ఆ పేరా తీసేసి ‘వర్స్’ పెట్టు. పద్యాన్ని చెప్పే ఈ మాట లాటిన్‌లో ‘వెర్సుస్’. తిప్పడం అనే అర్థమున్న ‘వెర్తెరే’ నుంచి వచ్చింది. దున్నేవాడు చాలు చివరిదాకా వెళ్లి, మేడి పైకెత్తి, ఎడ్లను మళ్లించి పక్క చాలు అందుకుంటాడు. ఆ మలుపుకూ, చాలుకూ, చివరికి రాతలోని పంక్తికీ రోమన్లు ఈ ఒక్క మాటే వాడారు. పాదం చివర నీ చూపు వెనక్కి మళ్లి కింది పంక్తి అందుకునేదీ అలాగే కదా!

‘ప్రోజ్’ కూడా ఆ ఇంటి ఆడపడుచే. ‘ప్రోర్సుస్’ అంటే ముందుకు తిరిగినది, తిన్నగా సాగేది. వచనానికి పాదం చివర మళ్లే పని లేదు మరి. ‘డెలీరియం’ చుట్టరికం వేరు, పొలం మాత్రం అదే: ‘లీరా’ అంటే చాలు, దాన్ని తప్పడం మతి తప్పడం. మనమూ గాడి తప్పాడంటాం.

మరో మాట. పుట్టినప్పటి అర్థమే అసలైనదని ఎక్కడా వాదించకు. ఇప్పుడు భారీగా నాశనం చేయడమనే అర్థంలో వాడే ‘డెసిమేట్’ అంటే, పుట్టినప్పటిలా పదిమందిలో ఒకరిని చంపడమేనని పట్టుబట్టేవాళ్లతో నేను వేగలేను.

మార్చి పంపు. ‘వర్స్’తోనే మొదలుపెట్టు. ఎడ్లు మళ్లే చోట నీ పొడవాటి వాక్యం రెండుగా విరిగితే విరగనివ్వు.